కుర్మయ్య తెచ్చిన దుప్పటి కోసం ఆత్మకూరు నుంచి అచ్చంపేటకు

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. నా చేతిరాత ఎవరికీ అర్థం కాదని మా ఆడబిడ్డ దీన్ని ఫోనులో కొట్టి పెడతానంది. పైపులైను పనికి మగవాళ్లను పంపి, సెలవు మీద వచ్చిన తోటివాళ్ల ఇళ్లకు సామాను కోసం వెళ్లే ఆడవాళ్లకు దారి తెలుస్తుందని రాస్తున్నాను.

మా ఆయన ఇరాక్‌లో పంపింగ్ స్టేషన్‌లో ఉంటాడు. అక్కడి చమురును కొండలు దాటించి, సరిహద్దు అవతల టర్కీ ఓడరేవు వైపు నెట్టే పంపులవి. ఆయన గదిలోనే ఉండే కుర్మయ్య ఊరికొచ్చాడు. ఎవరొచ్చినా మిగతావాళ్ల ఇళ్లకు ఒక్కో సామాను తేవడం వాళ్లలో అలవాటు. మా ఆయన కుర్మయ్య చేత మాకు దుప్పటి పంపాడు. కుర్మయ్య తిరిగి వెళ్తేనే మా ఆయనకు సెలవు. ఎప్పుడు వెళ్తాడో అడిగి రమ్మన్నాడు.

పొద్దున ఏడింటికి ఆత్మకూరులో వనపర్తి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు ఉంటే చాలు. కండక్టరమ్మ కార్డు చూసి, "ఆధార్ ఫొటోల ఎవ్వరు మంచిగుండరు, నువ్వు గండ్లనే మంచిగున్నవ్. ఇప్పుడేమైందమ్మా, గిట్ల ఎండిపోయినవ్?" అంది. బస్సంతా నవ్వారు. నేను తల వంచుకున్నాను. వనపర్తిలో నాగర్‌కర్నూల్ బస్సు కోసం చాలాసేపు కూర్చోవాలి. ఇంటి నుంచి రొట్టె కట్టుకుని పోతే మంచిది. నాగర్‌కర్నూల్‌లో మళ్లీ బస్సు మారి, అచ్చంపేటలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి ఆటోకు ముప్పై రూపాయలు.

"దుబాయ్ కుర్మయ్య ఇంటికేనా?" అన్నాడు ఆటో అతను.

"ఇరాక్ అన్నా."

"ఇమానం ఎక్కినోళ్లంత మాకు దుబాయోళ్లే అక్కా."

కుర్మయ్య తల్లి నేను కూర్చోగానే నెలల పిల్లను నా ఒళ్లో పెట్టింది. "నీ మొగని పుణ్యమే బిడ్డా. ఆయన సెలవు మావోనికి ఇయ్యకపోతే గీ పిల్లను చూస్తుండెనా?"

"అమ్మా, నువ్వు జర ఊకో," అన్నాడు కుర్మయ్య. నాకు ఆ సంగతి తెలియదని అప్పుడతనికి అర్థమైంది. నేల చూస్తూ చెప్పాడు. రెండు సర్కార్లకు పంచాయితీ వచ్చి చమురు పంపడం బంద్ అయిందట. పైపు నిండా చమురు కదలకుండా నిలిచి ఉందట. పంపులు పట్టేయకుండా రోజూ చేత్తో తిప్పడానికి, మీటర్లు చూడడానికి వీళ్లిద్దరినే ఉంచి మిగతా అందరినీ పంపేశారట. ఒకసారి ఒక్కరికే సెలవు. ఈసారి వంతు మా ఆయనది. ఆయన నాతో మాత్రం అప్పుడు ఫోనులో, "చమురు ఆగకుండ పోతుంది, పని మస్తుంది, రాలేను" అన్నాడు.

"కొత్తోన్ని పెట్టరా?"

"చమురే పోతలేదు వదినా, కొత్తోన్ని ఎవడు పెడతడు?"

"మళ్ల ఎప్పుడు పోతవ్ తమ్మీ?"

కుర్మయ్య వంటింటి వైపు చూశాడు. వంటింటి గడపలో నిలబడ్డ అతని భార్య, "పోడు అక్కా. నేను పంపియ్య," అంది.

పాప నా ఒళ్లోనే నిద్రపోయింది. ఆ పిల్లను పట్టుకుని వాళ్ల నాన్నను పొమ్మని ఎలా అనను? ఆమె స్థానంలో నేనున్నా పంపను. దుప్పటి తీసుకుని లేచాను.

తిరుగు బస్సులో మా ఆయన ఫోను చేశాడు. "అడిగినవా? కుర్మయ్య ఎప్పుడొస్తుండు?"

"జల్దీ వస్తడంట."

"గట్లైతే బోనాలకు నేను ఇంటికాడుంట సూడు," అని నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది.

వెళ్లేటప్పుడు దారి పొడుగునా ఆయన వస్తే ఏం వండాలో ఆలోచించాను. వచ్చేటప్పుడు, కదలని ఆ పంపులను కొండల మధ్య ఒక్కడే తిప్పుతూ, రాని మనిషి కోసం చూస్తున్న ఆయనే కళ్లముందు ఉన్నాడు. ఆ చమురు మళ్లీ ఎప్పుడు కదులుతుందో ఇక్కడ ఎవరిని అడగాలో నాకు తెలియదు. దుప్పటి ఇంకా విప్పలేదు.

మీరు వెళ్తే పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోండి. సామాను ముట్టకముందే, పిల్లల్ని ఒళ్లోకి తీసుకోకముందే, మళ్లీ పోతావా పోవా అని అడిగేయండి. దారి కోసం ఎవరైనా దీన్ని కాగితం మీద రాసుకుంటే, పని కాగానే పొయ్యిలో వేసేయండి. ఇది ఎవరి చేతనైనా మా ఆయన దగ్గరికి చేరొద్దు.