కలీముల్లా పెట్టెల దుకాణం

మా ఆయన సైలస్ ఏం పని చేస్తారని చుట్టాలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. కంప్యూటర్ పని అనేసి ఊరుకునేదాన్ని. ఆయన పోయి ఏడాది దాటాక, ఇప్పుడైతే చెప్పగలను.

చిన్న దుకాణాల వెబ్‌సైట్లలో, మనకు కనిపించే రాతల వెనక, గూగుల్ లాంటి వెతికే యంత్రం కోసం ఆయనొక చీటీ రాసేవారు. పేరు, చిరునామా, ఫోను, తెరిచే వేళలు, చేసే పని, ఏది ఏ గడిలో ఉండాలో ఆ గడిలో. స్ట్రక్చర్డ్ డేటా అంటారు. అది సరిగ్గా ఉంటే, ఎవరైనా ఫోన్లో వెతికినప్పుడు దుకాణం వివరాలు తీరుగా కనిపించే అవకాశం ఎక్కువ. తప్పకుండా కనిపిస్తుందని మాత్రం మాట ఇచ్చేవారు కాదు. పద్మారావు నగర్‌లో మా రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన, మెడనొప్పితో పదకొండేళ్లు అదే పని.

ఒక అక్టోబరు చివర లాలాగూడ నుంచి కలీముల్లా చాచా వచ్చాడు. హార్మోనియంలు బాగుచేసే మనిషి.

"కీబోర్డులొచ్చినయ్ బేటా, పెట్టె ఎవరడుగుతున్రు? అయినా క్యారల్స్‌కు గల్లీ గల్లీ తిరగాలె గదా, కరెంటు యాడికెళ్లి తెస్తరు? క్రిస్మస్ దాంక జూస్త. పని రాకపోతే దుకాణం అల్లునికి ఇచ్చేస్త. ఫోన్ కవర్లు పెట్టుకుంటడట. జెర నా పేరు ఫోన్ల కనబడేటట్టు చెయ్యి."

సైలస్ నాన్నగారు నలభై ఏళ్లు చర్చిలో హార్మోనియం వాయించారు. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ హార్మోనియం అనరు, పెట్టె అంటారు. చాచా బోర్డు మీదా అదే మాట. చాచాకో చిన్న పేజీ చేసి, ఈయనా అలాగే రాశారు. పేరు: కలీముల్లా పెట్టెల దుకాణం. పని: పాత పెట్టెల రిపేరు, ఆర్డరు మీద కొత్త పెట్టెలు. తప్పులు పట్టే సాధనం ఏ తప్పూ లేదంది. దానికి గడులు నిండాయా లేదా అన్నదే తెలుసు.

పేజీ పెట్టిన రెండో వారం చాచా ఫోన్ చేశాడు. నేను పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్నాను.

"ఏందీ బేటా గిట్ల జేసినవ్? పొద్దుగాల్నుంచి మూడు ఫోన్లు. ఒకామె ఐదున్నర ఫీట్ల పెట్టె కావాలన్నది. గంత పెద్ద పెట్టె ఎవరు వాయిస్తరమ్మా అన్న. ఏడ్చింది."

మా వాళ్లని పెట్టెలోనే పెట్టి భూస్థాపన చేస్తాం. పెట్టె అంటే అదీ అని మా ఇద్దరికీ తెలియనిదా? ఆ పూట తట్టలేదు, అంతే.

"వాళ్లకేం చెప్పారు చాచా?"

"ఏం జెప్త? గసుంటి పెట్టెలు మెట్టుగూడల ఆర్థర్ జేస్తడు, ఆయన నంబరిచ్చిన. సావు జరిగిన ఇంటోళ్లకు రాంగ్ నంబర్ అంటమా?"

ఆ మధ్యాహ్నమే పెట్టె ఉన్న ప్రతిచోటా హార్మోనియం అని మార్చారు. మళ్లీ వచ్చి చూడమని యంత్రానికి అర్జీ పెట్టారు. అది ఎప్పుడు చూస్తుందో దాని ఇష్టం. రోజూ లేస్తూనే ఫోన్లో వెతికేవారు.

"ఇంకా పాతదే కృపా."

"మీరే చర్చిలకు ఫోన్ చేయొచ్చుగా," అన్నాను. తొమ్మిది చర్చిలకు చేశారు. అందరూ కీబోర్డే అన్నారు. పదహారో రోజున కొత్త రాత కనిపించింది. అప్పటికి క్యారల్స్ మొదలైపోయాయి.

ఆ సీజను మొత్తానికి ఒక్క రిపేరే వచ్చింది. అల్వాల్ నుంచి యెషయా అనే ఆయన తెచ్చాడు. తల్లి చనిపోయినప్పుడు పెట్టె కోసం తప్పు నంబరుకు ఫోన్ చేసినవాళ్లలో ఒకడు. ఆమె వాయించిన హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయట. చాచా కొత్త తోలు వేశాడు.

"నా రాతకు వచ్చింది కాదు, నా తప్పుకు వచ్చింది," అన్నారు సైలస్. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

జనవరిలో ఇద్దరం లాలాగూడ వెళ్లాం. అల్లుడు సలీం అప్పటికే గోడ నిండా కవర్లు వేలాడదీస్తున్నాడు.

"మా మామకు ఇగ రెస్టే రెస్టు అన్నా. గూగుల్ల గూడ రిటైర్ జేసెయ్."

"నువ్వు జెర నోరు బంద్ జెయ్," అన్నాడు చాచా.

"చాచా, పేజీ తీసెయ్యనా?"

"ఎందుకు తీస్తవ్? సామాన్లు ఇంటికి తీస్కపోతున్న. ఇంటి పతా రాయి."

సైలస్ స్టూలు మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చిరునామా మార్చారు. "వేళలు?"

"వేళలేంది, ఇంట్లనే ఉంట గదా. పొద్దుగాల ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాంక రాయి."

"శుక్రవారం కూడానా?"

చాచా ఆలోచించాడు. "జుమ్మా నమాజ్ టైముల ఉండ. ఒంటిగంట నుంచి రెండున్నర దాంక. గప్పుడెవరన్నా వొస్తే తాళం జూసి వాపస్ పోతరు. అది సుత రాయి."

శుక్రవారాన్ని రెండు వరుసలు చేశారు సైలస్. ఒంటిగంట వరకు ఒకటి, రెండున్నర నుంచి ఒకటి. ఎవరొస్తారని ఇంత, అని నేను అడగలేదు. రెండు వరుసలూ చాచాకు చదివి వినిపించి, సరేననిపించుకున్నాకే మూత వేశారు.