కళ్ళద్దాలమ్మ ఎంచుకున్న సైన్సు పాఠాలు

ఆ వీధిలో అందరూ ఆమెను కళ్ళద్దాలమ్మ అంటారు. పదహారేళ్ళుగా ఒకే దుకాణంలో పని. ముందు గదిలో డాక్టరు కళ్ళు పరీక్షించి చీటీ రాస్తాడు. వెనక గదిలో ఆమె ఆ చీటీ చూసి, అద్దాన్ని మిషను మీద అరగదీసి, ఫ్రేమును వేడిగాలికి కాస్త మెత్తబరిచి, అందులో అద్దం కూర్చోబెడుతుంది. ఆ పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. చదువు మాటెత్తితే మాత్రం మాట మార్చేస్తుంది. పదో తరగతిలో సైన్సు తప్పి, రెండోసారి బొటాబొటి మార్కులతో గట్టెక్కిన మనిషి.

అలాంటి మనిషి నెత్తిన, ఇద్దరు పిల్లలకు ఇంట్లో సైన్సు చెప్పే పని వచ్చి పడింది.

ఆమెకు కవల ఆడపిల్లలు. పద్నాలుగేళ్ళు. పది నిమిషాల తేడాతో పుట్టినా ఒకతె పెద్దది, ఇంకొకతె చిన్నది. పెద్దదానికి ఉబ్బసం. బడి వెనక రంగుల కర్మాగారం తెరిచాక ఆ పిల్ల ఎనిమిదో తరగతి సగం ఆసుపత్రి మంచం మీదే గడిచింది. ఇంకో బడికి వెళ్ళాలంటే దుమ్ములో గంటన్నర బస్సు. చివరికి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళి అడిగితే, తొమ్మిదో తరగతి ఇంట్లోనే చదివించుకోవచ్చు గానీ ఏడాది చివర మేం పెట్టే పరీక్ష రాయాలి, తప్పితే అదే తరగతి మళ్ళీ చదవాలి అన్నారు. అక్క మానేసిందని చిన్నది కూడా బడి మానేసింది. ఎంత చెప్పినా వినలేదు.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. లెక్కలూ భాషా నేను చూసుకుంటానన్నాడు.

"మరి సైన్సో?" అంది ఆమె.

"అది నువ్వు. నీ పనంతా సైన్సేగా."

"నేను తప్పిందే అందులో."

"అందుకే. ఎక్కడ తప్పుతారో నీకు బాగా తెలుసు," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ట్యూషను మాస్టరును పెట్టే స్తోమత లేదు. అందుకని సెలవు రోజున వంటింటి బల్ల మీద పాత కంప్యూటరు పెట్టుకుని, ఊరికే దొరికే పాఠాల కోసం వెతికింది. దొరక్కపోతే ఏం చేయాలా అని భయపడింది గానీ, అసలు కష్టం దొరకడంతోనే మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు, పద్నాలుగు రకాలు. ప్రతి దాని మీదా 'సమగ్రం', 'సంపూర్ణం' అని రాసి ఉంది. ఏది నమ్మాలో చెప్పేవాళ్ళు లేరు. మూడు వారాలు తిప్పి తిప్పి చూసి, రంగురంగుల బొమ్మలున్న పుస్తకాన్ని ఖాయం చేసింది. పిల్లలకు నచ్చింది. పాఠం చివర ప్రశ్నలూ, వాటి కింద జవాబులూ ఉన్నాయి. నాకు రానిదంతా అందులోనే ఉంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది.

ఐదు నెలలు బాగానే గడిచాయి. ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే చిన్నది అడిగింది.

"అమ్మా, దూరంగా ఉన్నవి కనపడనివాళ్ళకి లావుపాటి అద్దాలు పెడతారా?"

"లావుపాటివి అంటే?"

"మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేవి. కుంభాకార కటకాలు. పుస్తకంలో ఉంది."

"కాదు. వాళ్ళకి మైనస్ పవరు. మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఇవాళే నాలుగు బిగించి వచ్చాను."

"మరి బొమ్మ కూడా వేశారు," అంది పెద్దది.

ఆమె వెళ్ళి చూసింది. నిజంగానే బొమ్మ వేశారు. బాణం గుర్తులతో సహా తప్పు. పరీక్షలో ఆ జవాబు రాస్తే సున్నా. చేతిసంచిలో అంచు విరిగిన మైనస్ అద్దం ఒకటి ఉంటే తీసి, దినపత్రిక మీద ఎత్తి పట్టుకుంది. అక్షరాలు చిన్నవై కనిపించాయి. పుస్తకం ప్రకారమైతే పెద్దవి కావాలి.

"అయితే మా అమ్మే కరెక్టు," అని చిన్నది చప్పట్లు కొట్టింది.

ఆమె మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

గదిలోంచి అత్తగారు వచ్చి సంగతి కనుక్కుంది. "ఒక్క తప్పేగా, దిద్దుకుంటే పోలా?" అంది.

"అత్తయ్యా, అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు చాలంటారు కదా. నేను పట్టుకు చూడగలిగిన మెతుకు ఇదొక్కటే. అదే ఉడకలేదు. మిగతా కుండ సంగతి నాకేం తెలుసు? ఐదు నెలలుగా అదే పెడుతున్నాను పిల్లలకి."

అత్తగారు "మిగతా మెతుకులు చూసేవాళ్ళు ఇంకెవరూ లేరా?" అంది.

ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి మాత్రం ఏం చేయాలో తెలిసింది. మిగిలిన పదమూడింటిలోనూ ముందు కటకాల పాఠమే తెరిచింది. పుస్తకం ఎంత పెద్దదైనా, ఎంత అందంగా ఉన్నా, అక్కడ తడబడితే పక్కన పడేసింది. అలా తొమ్మిది పోయాయి. రెండింటిలో అసలు ఆ పాఠమే లేదు. మిగిలినవి రెండు. అందులో ఒకటి మొత్తం వీడియోలే. వాళ్ళ ఇంటి ఇంటర్నెట్‌కు అవి నిమిషం ఆడి రెండు నిమిషాలు ఆగుతున్నాయి. రెండోది కొందరు రిటైరైన టీచర్లు కలిసి రాసింది. నలుపూ తెలుపూ. బొమ్మలు చేత్తో గీసినట్టున్నాయి. ప్రశ్నలున్నాయి గానీ జవాబులు లేవు.

జవాబులు లేకపోవడం చూసి ఆమె దాన్నీ మూసేయబోయింది. అయినా అందులో విద్యుత్తు పాఠం అచ్చు తీసి భర్తకు ఇచ్చింది. అతను భోజనం చేస్తూనే చదివాడు.

"ఫ్యూజు ఎక్కడుండాలో సరిగ్గా రాశారు. ఎర్తు ఎందుకో కూడా రాశారు. మా కొత్త కుర్రాళ్ళకి ఇదే ఇస్తే బాగుండు," అన్నాడు.

కంటి పాఠాన్ని దుకాణం డాక్టరుకు చూపించింది. ఆయన పెన్ను పట్టుకుని మరీ చదివి, పెన్ను వాడకుండానే తిరిగి ఇచ్చాడు. ఆమ్లాలు, క్షారాల పాఠం తీసుకుని మందుల దుకాణంలో పనిచేసే అన్న దగ్గరికి వెళ్ళింది. అన్న రెండు రోజులు ఉంచుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆమె అరగదీసిన అద్దాల్లో ఒకటి పగిలింది. పదహారేళ్ళలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"పాఠం మంచిదే చెల్లెమ్మా," అన్నాడు అన్న. "రెండు చోట్ల పాత పేర్లు వాడారు, పక్కన కొత్తవి రాశాను. కానీ ఈ ఆరో ప్రయోగం మాత్రం ఇంట్లో చేయించకు. ఆ పొగ పెద్దదానికి పడదు."

"అంటే అదీ తప్పేనా?"

"తప్పు కాదు. బడి గదిలో, కిటికీలన్నీ తీసి చేసేది. వంటింట్లో కాదు. వాళ్ళకి మీ పిల్ల ఊపిరి సంగతి ఎలా తెలుస్తుంది? అది నువ్వే చూసుకోవాలి."

పరీక్షకు నాలుగున్నర నెలలుంది. మొదటి నుంచి మొదలుపెట్టాలంటే పిల్లలు మొహం మాడ్చుకున్నారు. "చదివినవే మళ్ళీనా?" అని పెద్దది ఏడ్చింది కూడా. ఆఫీసు వాళ్ళిచ్చిన పరీక్ష పాఠాల పట్టికను గోడకు అంటించి, అయిపోయినదాని పక్కన గీత పెట్టుకుంటూ పోయారు. జవాబులు లేవు కాబట్టి ప్రతి ప్రశ్నకూ కొట్లాటే. ఇద్దరూ ఒకే జవాబు చెబితే సరే. వేరుగా చెబితే పాఠంలోకి వెళ్ళి ఎవరిది ఎందుకు తప్పో చూపించాలి. ఆమె మధ్యలో కూర్చుని వినేది. కొన్నిసార్లు ఇద్దరిదీ తప్పేమో అనిపించేది, అనడానికి ధైర్యం చాలేది కాదు. వారానికోసారి ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని అన్న దగ్గరికో, డాక్టరు దగ్గరికో పోయేది. కళ్ళద్దాలమ్మ వస్తోందంటే అన్న దుకాణంలో తోటివాళ్ళతో, "పరీక్ష మనకే పెట్టేట్టున్నారు," అనేవాడు.

పరీక్ష రోజున ఆమె సెలవు పెట్టి ఆఫీసు వరండాలో మూడు గంటలు నిలబడింది. కూర్చోమని కాపలాదారు స్టూలు వేస్తే, దాని మీద సంచి పెట్టింది. పెద్దది బయటికి వచ్చి బాగా రాశానంది. చిన్నది ఆకలేస్తోందంది.

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. పెద్దదానికి సైన్సులో అరవై ఏడు. చిన్నదానికి ముప్ఫై ఎనిమిది, పాసు మార్కు కంటే మూడు ఎక్కువ. ఆమె ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసింది.

"నాకు ఎదురుగా ఒక టీచరుండాలమ్మా," అంది చిన్నది ఇంటికి వస్తూ. "పుస్తకంతో మాట్లాడటం అక్కకి వచ్చు. నాకు రాదు. నేను బడికి పోతాను."

ఆమె మనసు చివుక్కుమంది. అంత కష్టపడి వెతికింది ఇద్దరికీ సరిపోవాలనే. అయినా సరేనంది. చిన్నది జూన్‌లో బస్సెక్కి కొత్త బడికి వెళ్ళింది, వారానికల్లా ముగ్గురు స్నేహితురాళ్ళను సంపాదించుకుంది.

పెద్దది ఇంట్లోనే ఉంది. పదో తరగతి పాఠాల కోసం ఆ టీచర్ల పేజీ తెరిస్తే నాలుగు పాఠాలే కనిపించాయి. మిగతావి ఇంకా రాస్తున్నారట. పదో తరగతంటే తను తప్పిన తరగతి. ఆ టీచర్లకు ఉత్తరం రాసింది. ఐదో రోజున జవాబు వచ్చింది. నెలకు రెండు పాఠాలు ఇవ్వగలమనీ, తమలో ఒకాయన ఆరోగ్యం బాగాలేదనీ, ఆలస్యమైతే క్షమించమనీ రాశారు.

ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కేసింది. చివరి పాఠం పరీక్షకు పదిహేను రోజుల ముందు వస్తుంది, అన్నీ అనుకున్నట్టు జరిగితే. భర్త వేరేది చూద్దామా అన్నాడు.

"వద్దు," అంది ఆమె. "వీళ్ళు ఇవ్వలేనిది ఇవ్వలేమని చెబుతున్నారు."

అని, మొదటి పాఠం అచ్చు తీయడానికి వెళ్ళింది.