బేతమంగళ చెరువుకు సంచిలో పట్టే గాలం కర్ర

మా ఎస్తేరక్క ఫోను చేస్తే ముందు పిల్లల గురించి, తర్వాత నా గ్యాస్ ట్రబుల్ గురించి అడుగుతుంది. ఆ రోజు రెండూ అడగలేదు. "మీ బావను ఒగసారి బేతమంగళకి తీసుకోని పో ప్రకాశూ. పొద్దున కిటికీ పక్కన కూచున్నాడంటే అన్నానికి లేస్తాడు, మళ్ళీ ఆడనే కూచుంటాడు. మాట్లాడేదే లేదు. నాకు భయంగా ఉండాది" అంది. మా దానియేలు బావ కేజీఎఫ్ బంగారు గనుల్లో ఫిట్టరుగా చేశాడు. గనులు మూతపడ్డాక అక్కడి చాలామందిలాగే రోజూ చీకటితో రైలెక్కి బెంగళూరు వచ్చి పోతూ, ఒక లేత్ వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు కోలుకుంది, మాట కొంచెం ముద్దగా వస్తుంది. కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గర కదులుతుందే తప్ప వేళ్ళు దేన్నీ పట్టవు. కోలారు ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి, ఆయనకు ఇష్టమైన పనేదైనా చేయించమని చెప్పిందట. బావకు ఇష్టమైన పని సెలవు దొరికితే బేతమంగళ చెరువు గట్టున కూర్చుని గాలం వేయడం. అది ఒంటి చేత్తో ఎలా చేయించాలన్నది నాకు వదిలేశారు.

నా దగ్గర తొమ్మిదడుగుల రెండు ముక్కల కర్ర ఒకటి ఉండేది. కిందటి ఏడాది మారికుప్పం ప్యాసింజరులో ఎవరో దాని మీద బియ్యం మూట దించారు. రైలు, ఆటో, బస్సు మారుతూ వెళ్ళే ప్రయాణానికి పొడుగు కర్ర పనికిరాదని అప్పుడే తెలిసింది. అందుకని బెంగళూరులో చేపల సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళి సంచిలో పట్టేది కావాలన్నాను. కొట్టాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి నాలుగు ముక్కలుగా విడదీసి మళ్ళీ కలుపుకునేది, మడిస్తే రెండడుగులకు కొంచెం తక్కువ. రెండోది ఒకదానిలోకి ఒకటి దూరిపోయే టెలిస్కోపిక్ కర్ర. లాగితే ఏడడుగులు, మూస్తే మూరెడు. "ఇదే తీసుకోండి సార్. ఆఫీసు బ్యాగులో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు" అన్నాడు. రీలు పిడి ఎడమ చేతి వైపుకు మార్చుకోవచ్చా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మార్చుకోవచ్చన్నాడు. రీలుతో కలిపి పద్దెనిమిది వందలు. ఇంటికి వచ్చి బాల్కనీలో నిలబడి కుడిచేత్తో రెండు విసుర్లు విసిరి చూశాను. బ్రహ్మాండంగా ఉందనిపించింది. ఆ రోజు నా కుడి చేతిని జేబులో పెట్టుకుని చూసి ఉంటే ఈ పోస్టు ఇంత పొడుగు ఉండేది కాదు.

శనివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో కృష్ణరాజపురంలో ప్యాసింజరు ఎక్కాను. ఆ వేళకు బెంగళూరు వచ్చే రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు కానీ మనం ఎదురు వెళ్తాం కాబట్టి కిటికీ సీటు సులువుగా దొరుకుతుంది. టికెట్టు ముప్పై రూపాయలు. బంగారుపేట దాటాక రైలు కాసేపు ఆగుతూ నడిచి, తొమ్మిదికి పది నిమిషాల ముందు చాంపియన్ స్టేషన్లో దించింది. అక్కావాళ్ళ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక, పాత గని కార్మికుల ఇళ్ళ లైన్లలో. ఉప్మా పెట్టి అక్క నా సంచిలోంచి కర్రను బయటికి తీసింది. "ఇది గొడుగా ప్రకాశూ?" అని అడిగింది. బావ దాని వైపు ఒకసారి చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. బయల్దేరదాం అంటే లేచాడు, చొక్కా వేసుకున్నాడు.

రాబర్ట్‌సన్‌పేట బస్టాండు దాకా ఆటోకు ఎనభై తీసుకున్నాడు. అక్కడినుంచి బేతమంగళ బస్సులు తరచుగానే ఉంటాయి. ఎక్కేటప్పుడు బావ మెట్టు మీద ఆగిపోయాడు. వెనక జనం తోస్తున్నారు. నేను చంక కింద చెయ్యి వేసి ఎత్తబోతే మోచేత్తో తోసేశాడు. "నిదానంగా ఎక్కనీప్పా, బస్సు యాడికీ పోదు" అన్నాడు కండక్టరు. బావ తనంతట తానే ఎక్కి కూర్చున్నాడు. నాకు చిరాకేసింది. నెలలో నాకు దొరికే ఒకే ఒక శనివారం పెట్టి తీసుకొస్తే తోసేయడమేమిటని అరగంటసేపు కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ మనసులో గొణుక్కున్నాను.

బేతమంగళలో దిగి టీ తాగుతూ, చెరువులో గాలం వేయనిస్తారా అని కొట్టు నడిపే ఆమెను అడిగాను. "చేపలు కాంట్రాక్టుకి ఇచ్చినారప్పా. వల ఏస్తే గలాటా అవుతుంది. ఒగ గాలం ఏసుకొంటే ఎవురూ ఏమీ అనరు. గట్టు మింద కావలాయన నారాయణప్ప ఉంటాడు, ఆయన్ని ఒగ మాట అడుగు" అంది. వెళ్ళేవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోండి. అడిగి వేస్తే ఏ గొడవా ఉండదు. నారాయణప్ప అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి, బావ చెయ్యి చూసి, నీళ్ళలోకి మెట్లలా దిగిన రాళ్ళ దగ్గర చోటు చూపించాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నీళ్ళు రాళ్ళను తాకుతున్నాయి.

ఇక అక్కడినుంచి ఆ కర్ర నన్ను పెట్టిన తిప్పలు చెబుతాను. రీలు పిడిని ఎడమ వైపుకు మార్చాలంటే అవతలి వైపు మూత ఊడదీయాలి. అది రాలేదు. రూపాయి బిళ్ళతో తిప్పాను, తాళంచెవితో తిప్పాను, చొక్కా కొస పట్టుకుని తిప్పాను. ఇరవై నిమిషాలకు వేలు తోలు లేచాక వచ్చింది. ముక్కలన్నీ బయటికి లాగి రీలు బిగించి, దారం రింగుల్లోంచి ఎక్కించి బావ చేతికిచ్చాను. ఎడమ చేత్తో రీలు తిప్పాలంటే కర్రను కుడి చంకలో అదిమి పెట్టుకోవాలి. అప్పుడు తెలిసింది. సంచిలో పట్టడం కోసం ఈ కర్ర అడుగు భాగాన్ని కత్తిరించి పారేశారు. రీలు వెనక నాలుగు వేళ్ళ పొడుగు మాత్రమే మిగిలింది. అది చంక దాకా కాదు కదా, మోచేతి దాకా కూడా రాలేదు. బావ ఒక చుట్టు తిప్పేసరికి కర్ర జారి రాళ్ళ మీద పడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. మూడోసారి నేనే విసిరి ఇద్దామని విసిరితే పై రెండు ముక్కలు కిందివాటిలోకి టపటపా దిగిపోయి, రింగులు తలో దిక్కుకు తిరిగి, దారం కాకి గూడులా చుట్టుకుంది.

కొట్టాయన్ని, రైల్లో బియ్యం మూట దించిన మనిషిని, ఈ పని నా నెత్తిన పెట్టిన అక్కను కూడా తిట్టుకుంటూ ఆ చిక్కు విప్పాను. ఎండ నెత్తికెక్కుతోంది. విసుగుతోనే అన్నాను, "పోనీ బావా, కర్ర నేను పట్టుకుంటా. నువ్వు ఊరికే పిడి తిప్పు."

బావ నా వైపు తిరిగాడు. ముఖం ఎర్రబడింది. "నువ్వు పట్టుకొంటే ఇంగ నేనెందుకు? ఇంట్లో కిటికీ తాననే కూచుంటాను గదా" అన్నాడు. ఒక్కో మాట కూడదీసుకుని అన్నాడు కానీ అన్నీ స్పష్టంగానే వినిపించాయి. కర్ర అక్కడే పెట్టి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆరు నెలలుగా మేమంతా ఆయనకు అన్నం కలిపి పెడుతున్నాం, చొక్కా గుండీలు పెడుతున్నాం, మాట పూర్తి కాకముందే మేమే అందిస్తున్నాం. ఆయనకు ఎలా ఉందో ఎవరమూ అడగలేదు.

కాసేపటికి వెనకనుంచి బావ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి నాతో కాదు. "అన్నా, ఆ పైపు ఎవురిది?" నారాయణప్ప గుడిసె పక్కన తోటలకు నీళ్ళు పెట్టే నల్ల పైపు ముక్కలు పడున్నాయి. "ఎవురిదీ కాదు, పారేసిందే. ఎంత కావాల?" అన్నాడు నారాయణప్ప. బావ తన కుడి చంకనుంచి ఎడమ చేత్తో కొలిచి చూపించాడు. నారాయణప్ప కొడవలితో మూరెడు ముక్క కోసి తెచ్చాడు. కర్ర అడుగు అందులోకి దూరింది కానీ వదులుగా ఊగింది. "సైకిలు ట్యూబు ఉండాదా?" అని అడిగాడు బావ. అదీ దొరికింది.

తర్వాత పావుగంట నేను మా బావ కింద అప్రెంటిసుగా పనిచేశాను. "అట్ల కాదు. ఎడమకి చుట్టు. కర్ర తిరిగేకొద్దీ అది బిగుసుకోవాల." చుట్టాను. "వదులుగా ఉండాది. విప్పి మళ్ళీ చుట్టు." విప్పి చుట్టాను. ముక్కలు దిగిపోవడం గురించి అడిగితే తల కొట్టుకున్నాడు. "లాగితే సాలదప్పా. సన్న ముక్కతో మొదలుపెట్టు. ఒగొగటీ లాగినాక స్వల్ప మెలి తిప్పు. రింగులన్నీ ఒగ గీతలో ఉండాయా లేదా చూడు. కండ్లు యాడ పెట్టుకోని కొన్నావు దీన్ని?" నారాయణప్ప నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వేలు మండుతోంది, ఆకలేస్తోంది, అయినా చెప్పినట్టే చేశాను.

పైపు చంకలో నిలబడింది. దూరం విసరక్కర్లేదని, జిలేబీ చేపలు రాళ్ళ సందుల్లోనే తిరుగుతుంటాయని నారాయణప్ప చెప్పాడు. అక్క కట్టిచ్చిన రాగిముద్దలోంచి చిన్న ఉండ చేసి గాలానికి గుచ్చాను. బావ ఎడమ చేత్తో, రీలు మీద దారాన్ని ఆపే తీగ తెరిచి దారం నీళ్ళలోకి వదిలాడు. మొదటి చేప ఎర తినేసి పోయింది. రెండోదీ పోయింది. మూడోసారి కర్ర కొస వంగింది. బావ పిడి తిప్పాడు. పైపు చంకలోంచి ముందుకు జారుతోంది. నేను చెయ్యి చాచాను. "చెయ్యి తియ్యి" అన్నాడు. తీశాను. ఆయన కుడి ముంజేయి నెమ్మదిగా పైకి లేచి పైపు మీద పడి దాన్ని పక్కటెముకలకు అదిమింది. వేళ్ళు ముడుచుకోలేదు, ముంజేయి మాత్రం వణుకుతూ అక్కడే నిలిచింది. అరచేతంత జిలేబీ చేప రాళ్ళ మీదికి వచ్చి ఎగిరింది. బావ చేపను చూడలేదు. తన చేతినే చూస్తూ ఉన్నాడు.

రెండున్నర దాకా మరో నాలుగు పడ్డాయి. ఒక పెద్దది దారం తెంపుకుని పోయింది. దానికీ నన్నే తిట్టాడు, దారం సన్నది కొన్నానని. నారాయణప్పకు రెండు చేపలిచ్చి మూడింటి బస్సు ఎక్కాం. బస్సులోనూ బావ ఊరుకోలేదు. రీలు బిగించే మర సరిగా కోయలేదన్నాడు. గనిలో ఇలాంటి పని చేస్తే ఫోర్‌మన్ మొఖాన కొట్టేవాడన్నాడు. మధ్యలో మాట తడబడితే ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. నేను అందించలేదు. ఆటో దిగి ఇంటి వైపు నడుస్తున్నప్పుడు కూడా, "పద్దెనిమిది వందలా? దీనికా?" అంటూనే ఉన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. మేం దగ్గరికొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేపలు అందుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

రాత్రి రైల్లో తిరిగి వస్తూ నా విసుగంతా దేనిమీదో ఆలోచించాను. కొట్లో నేను అడిగిన ప్రశ్నలన్నీ నా సంచి గురించే, నా రైలు గురించే. ఆ కర్ర పట్టుకునే మనిషి గురించి అడిగింది ఒక్క రీలు పిడి మాత్రమే. బావను కూడా అలాగే మోసుకెళ్ళాను, జాగ్రత్తగా దించాల్సిన సామానులా. ఆ రోజు నన్ను తోసేసినందుకు, తిట్టినందుకు ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆరు నెలల్లో ఆయన ఎవరికైనా పని చెప్పడం అదే మొదటిసారి. చెప్పించుకున్నవాణ్ణి నేనే కావడం నా అదృష్టం. మీరు ఇలాంటి ప్రయాణానికి చిన్న గాలం కర్ర కొంటుంటే ఒకటే సలహా. అది మడిస్తే ఎంత ఉంటుందో చూసే ముందు, రీలు దగ్గరనుంచి అడుగు కొస దాకా ఎంత ఉందో కొట్లోనే చంకలో పెట్టి చూడండి. మోచేయి దాటకపోతే అడుగు పొడుగుగా ఉండే నాలుగు ముక్కల రకం తీసుకోండి, సంచిలో జానెడు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు. వీలైతే కర్ర పట్టుకోబోయే మనిషిని కూడా కొట్టుకు తీసుకెళ్ళి, ఆయన చేతికే ఇచ్చి అడగండి.