హార్మోన్ల బల్ల దగ్గర సుగుణక్క

మందుల పరీక్షకు వాడే అసిటోనైట్రైల్ ద్రావకం సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ తీపి ఘాటుకు ఈనాటికీ నాకు సుగుణక్క గుర్తొస్తుంది. వెంటనే ఆమె మీద కడుపుమంట కూడా మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం శివారులోని మందుల ల్యాబులో ఆమె నాకు సీనియర్. మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చేది. చదివింది బీఎస్సీ. నేను ఎమ్మెస్సీ, అదీ ఫస్టు క్లాసులో. అయినా హార్మోన్ మాత్రల నమూనా వస్తే మేనేజరు సారు నేరుగా ఆమె చేతికే ఇచ్చేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ముట్లుడిగిన ఆడవాళ్ళు వేసుకునే మాత్ర అది. పైకి ఒక్క మాత్రే గానీ లోపల పది హార్మోన్లు, కవల పిల్లల్లా అన్నీ ఒకే పోలిక. మిషన్‌లోంచి పంపి వాటిని విడదీసి, ఏది ఎంతుందో తేల్చాలి. నేను చేస్తే రెండు మూడు కలిసిపోయి మిషన్ గీసిచ్చే కాగితం మీద ఒకే గుట్టగా వచ్చేవి. ఆమె చేస్తే పదీ వేటికవే నిలబడేవి.

ఒకరోజు తొందరలో ఆమె వేరే మందు కోసం కలిపిన ద్రావణం సీసాను మిషన్‌కు తగిలించింది. నేను పక్కనే ఉన్నాను, లేబుల్ చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. రెండు రోజుల పని మట్టిపాలైంది. సారు అందరి ముందూ నిలదీస్తే, "తప్పు నాదే సార్. లేబుల్ చూడలే," అంది. ఆ పని ఆమె దగ్గర్నుంచి తీసేసి నాకిచ్చారు. పండగే అనుకున్నాను.

ఏం పండగ! మూడు రోజులు తంటాలు పడ్డా ఆ హార్మోన్లు విడిపోతే ఒట్టు. నాలుగో రోజు పిలవకుండానే ఆమె వచ్చి పక్కన నిలబడింది. "జర నిమ్మళంగ పోనియ్. గంత ఉరుకుడెందుకు?" అని ద్రావణం వేగం తగ్గించింది. తల తిప్పకుండానే, "ఆ దినం సీసా నువ్వు చూసినవ్ గదా?" అంది.

"అవ్ అక్కా."

"మరెందుకు చెప్పలే?"

"నీమీద కుళ్ళు అక్కా," అనేశాను. ఏడుపొచ్చింది.

"నామీద ఎంతన్న కుళ్ళుకో, నాకేం ఫికర్ లేదు. మందుకాడ గట్ల చెయ్యకు. అది మింగేటోళ్ళు మన అమ్మలసుంటోళ్ళు."

పదీ విడివిడిగా వచ్చిన కాగితాన్ని ఆమే సారు దగ్గరికి తీసుకెళ్ళి, "గిది ఈ పిల్లనే చేసింది సార్," అని చెప్పింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. కుళ్ళు మాత్రం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

ఇప్పుడు నేనే సీనియర్‌ని. నాకంటే బాగా చేసే పిల్లలు వస్తున్నారు. వాళ్ళ పొరపాటు కంటపడితే ముందు నోరు మూసుకోబుద్ధవుతుంది. పళ్ళు బిగబట్టి చెప్పేస్తాను. సుగుణక్కకు ఆ మంచితనం ఊపిరి తీసుకున్నంత సులువుగా వచ్చేది. నాకు ప్రతిసారీ ప్రాణం మీదికొస్తుంది. ఇప్పటికీ ఆమె మీద నా కుళ్ళు అందుకే.