కెమెరా పోయి మిక్సీ వచ్చె

ఒక ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెబుతాను. విన్నాక మీ ఇంటికి నన్ను పిలిచినా ఏ వస్తువూ నా చేతికి ఇవ్వరు.

అప్పట్లో పట్నంలో, జహనుమా బస్తీలో అక్కాబావల ఇంట్లో నా మకాం. బావ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. నాకేమో ఉత్త ఫొటోల పిచ్చి. జల్‌పల్లి పక్కన ఒక డ్రైవ్-ఇన్ టాకీసు ఉండేది. సాయంత్రాలు కార్లలో కూర్చుని సినిమా చూసే ఆ మైదానంలోనే ఆదివారం పొద్దున పాతసామాన్ల బజారు. అక్కడ బేరాల్లేవు, బదలాయింపే. మీ వస్తువు పెట్టి ఎదుటివాడిది పట్టుకుపోవడమే. అంత పెద్ద తెల్లతెర కింద కుక్కర్లు, కుర్చీలు! ఆ ఫొటో తీస్తే నా పేరు మార్మోగిపోదూ? బావ నిద్రలేవకముందే ఆయన కెమెరాతో చెక్కేశాను. సాయంత్రం ఆయనకు పెళ్ళి ఉంది. మధ్యాహ్నానికల్లా తిరిగి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

తీరా చూస్తే తెరకు అడ్డంగా ఎవరో కంబళి ఆరేశారు. దాన్ని జరపడానికి కెమెరాను పక్కనే పాతసామాన్లు పరుచుకుని కూర్చున్న గౌస్ చాచా చద్దరు మీద పెట్టి వెళ్ళాను. కంబళి కాస్తా నా నెత్తిన పడింది. విదిలించుకుని వచ్చేసరికి కెమెరా ఉన్నచోట మిక్సీ కూర్చుని ఉంది.

"చాచా, నా కెమెరా ఏది?"

"బదల్ హోగయా బేటా! మస్తు మిక్సీ ఇచ్చిండు, తీస్కపో."

"నేను ఊకెనే పెట్టిన చాచా!"

"ఊకె ఎవరన్న పెడ్తరా? చద్దర్ మీద పెట్టినవంటే బదల్ మాలే. గీడ గిదే ఖాయిదా."

"ఎవరు తీస్కపోయిన్రు?"

"మొఖానికి దస్తీ కట్టుకున్నడు. బండి మీదొచ్చిండు, గట్లనే పోయిండు."

మిక్సీ ఎత్తుకుని బజారంతా పరుగెత్తాను. "ఈ మిక్సీ ఎవరిదన్నా?" అంటే, "పట్నంల మిక్సీ లేని ఇల్లుంటదా భాయ్?" అని నవ్వారు. ఎండ నడినెత్తికొచ్చింది. పెళ్ళివాళ్ళకు బావ ఏం చెబుతాడు? ఆయన అన్నమే నా వల్ల పోయేట్టుంది. నిజంగానే ఏడుపొచ్చింది. నిజం చెప్పేద్దామని ఇంటిదారి పట్టాను.

వాకిట్లోకి రాగానే లోపల్నుంచి బావ గొంతు.

"కెమెరా దొరికింది, ఫికర్ చెయ్యకు. ఎవడో దొంగ ఎత్తుకపోయి అంగట్ల పెట్టిండు. పెండ్లికి కిరాయి కెమెరా గూడ దొరకలె. బదలాయించి ఏదన్న తెద్దమని నీ మిక్సీ పట్కపోయిన. చూస్తె చద్దర్ మీద మనదే! లొల్లి పెట్టుకుంటె టైం పోతదని మిక్సీ ఆడ పెట్టి తెచ్చుకున్న."

"నా మిక్సీనా!" అక్క కేక.

"ఆగవే. ఆ మిక్సీ ఎవని చేతిల కనవడ్తె వాడే దొంగ!"

సరిగ్గా అప్పుడే గడప దాటాను, మిక్సీ చంకలో పెట్టుకుని. ఆ ఇంట్లో అన్నాళ్ళు పచ్చళ్ళు నాకాను గాని, అవి ఏ మిక్సీలోంచి వస్తున్నాయో చూసిన పాపాన పోలేదు.

బావ మిక్సీని చూశాడు. నేను కెమెరాను చూశాను. అక్క మా ఇద్దర్నీ చూసి చీపురు అందుకుంది. ఆ తర్వాతి సంగతి నా వీపునూ బావ వీపునూ కలిపి అడగాలి.

ఆ మిక్సీలో రుబ్బిన గోంగూర పచ్చడి మీద ఒట్టు. బతికున్నంతకాలం పరాయి చద్దరు మీద ఏదీ పెట్టను. ఎవరింట్లో బంతికి కూర్చున్నా నీళ్ళగ్లాసు ఒళ్ళోనే పెట్టుకుంటాను.