సాక్సుల ముందు పూల స్టాండు

రేవు వీధిలో లాండ్రీ నడిపే బోంగ్ మన్‌సిక్‌కి ఆ ఊళ్ళో తెలియని చొక్కా లేదు. మేయరుగారి కోటు మోచేతి దగ్గర ఎంత నలిగిందో, ఏ పెద్దమనిషి కాలరు మీద ఏ రంగు లిప్‌స్టిక్ అంటిందో అన్నీ తెలుసు. ఒక్కటీ బయటికి పొక్కనివ్వడు. ఊరందరి గుట్టూ కడుపులో పెట్టుకున్న ఆ మనిషి తన గుట్టు మాత్రం దాచుకోలేడు. ఆయన బొమ్మలు వేస్తాడు. ఆ సంగతి ఇస్త్రీకి ప్యాంటు ఇవ్వడానికొచ్చిన పరాయి ఊరివాడికైనా సరే, చిల్లర తీసుకునే లోపల తెలిసిపోతుంది.

పాత చిత్రశాల ఉన్న రోజుల్లో ఆయన వేసిన సూర్యోదయం ఒకటి అక్కడ వేలాడుతుండేది. ఎక్కడంటే, మరుగుదొడ్డికి పోయే నడవలో. కింద ఇత్తడి పలక మీద పేరు. అంత మంచి చోటు ఇంకెవరికి దొరికింది గనక? పెద్ద గదుల్లోకి పోనివాళ్ళు సవాలక్షమంది ఉంటారు, ఆ నడవలోకి పోనివాడు ఎవడుంటాడు? ఊళ్ళో అందరూ ఆ బొమ్మను చూశారు, కాకపోతే కొంచెం తొందరలో చూశారు.

తర్వాత పైకప్పు కారి చిత్రశాల మూతపడింది. మూడు శీతాకాలాలు గడిచాక రాజధాని సియోల్ నుంచి కొత్త డైరెక్టరు వచ్చింది. పేరు హా యురిమ్. నల్ల బట్టలు తప్ప మరొకటి కట్టదు కాబట్టి లాండ్రీకి ఆమె వల్ల ఒరిగేదేమీ లేదు. వస్తూనే చిత్రశాల కొత్త దిశలో నడుస్తుందని ప్రకటించింది. ఇన్నాళ్ళూ అది ఏ దిశలో నడిచిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు గనక అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కొత్త దిశ ఏమిటంటే, తలుపులు తెరిచే రోజు పెట్టే ప్రదర్శనలో ఏ బొమ్మ కిందా పేరుండదు. పేరున్నవాళ్ళవీ, ఊళ్ళోవాళ్ళవీ కలిపి వేలాడదీస్తారు. ఎవరు వేశారో చివరి రోజున చెబుతారు. జనం పేరును కాకుండా బొమ్మను చూడాలట.

మన్‌సిక్ పంపిన బొమ్మను డైరెక్టరే స్వయంగా ఎంచుకుంది. ఈసారి సూర్యోదయం కాదు. ఒడ్డున తాళ్ళ మీద చేపల్లా ఎండబెట్టిన పదికాళ్ళ స్క్విడ్‌లు, వెనక బూడిదరంగు సముద్రం. ఎంపికైందని కబురందిన పూట ఆయన ఆవిరి ఇస్త్రీ మీద చేయి కాల్చుకున్నాడు. సంతోషం అంతటిది. ఆ మర్నాడు దిగులు పట్టుకుంది. పేరు లేకపోతే అది ఎవరి బొమ్మ? గోడది.

దానికితోడు ఇంట్లో జరిగిన అవమానం ఒకటుంది. బొమ్మ పూర్తయిన రోజున భార్య ఓక్సున్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, తల అటూ ఇటూ వంచి చూసి, "ఎవరివండీ ఈ సాక్సులు, ఇంకా తీసుకెళ్ళలేదా?" అంది. మర్నాటి భోజనం దాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మాత్రం చాలానే మాట్లాడాడు. కళ అంటే మరకలు వదిలించడం కాదన్నాడు, చూసే కన్ను పుట్టుకతో రావాలన్నాడు. ఓక్సున్ విని, సరే స్క్విడ్‌లే అని ఒప్పుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దు, మరి కాకిని కట్టుకున్నాక తప్పుతుందా?

ఆయన ఒక ఉపాయం పన్నాడు. ఆదివారం చిత్రకారుల సంఘంలో తన బొమ్మ ఎంపికైందని చెప్పాడు గాని ఏ బొమ్మో చెప్పలేదు. ఎంత అడిగినా ముసిముసిగా నవ్వి ఊరుకున్నాడు. ప్రారంభోత్సవం నాడు, ఉపన్యాసాలయ్యాక, అందరూ గదిలో ఉండగా మూడంతస్తుల పూల స్టాండు ఒకటి నడిచొచ్చి తన బొమ్మ ముందు నిలబడాలి. దాని పట్టు రిబ్బను మీద చెయ్యంత అక్షరాలతో "చిత్రకారుడు బోంగ్ మన్‌సిక్‌కు అభినందనలు" అని ఉండాలి. ఊరంతా అప్పుడు ఓహో అనాలి. పూలు వద్దని ఆహ్వానపత్రంలో డైరెక్టరు రాయించిన మాట నిజమే. ఆ ఊళ్ళో పూలు వద్దంటే, వద్దన్నా తెచ్చారని మురిసిపోతారని అర్థం.

ఇక పంపేవాళ్ళు దొరకాలి. బడి నాటి స్నేహితుల సంఘం కార్యదర్శి చెవిన నాలుగుసార్లు వేశాడు. ఆయన నాలుగుసార్లూ "చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నవాడు చూడడని మన్‌సిక్‌కి తెలుసు. చివరికి వాళ్ళ సంఘం పేరుతో తానే ఆర్డరిచ్చాడు. ఊళ్ళో పూలకొట్టువాడి నోరు మంచిది కాదని పక్క ఊరి కొట్టుకు ఫోను చేశాడు. రెండో గది, స్క్విడ్‌ల బొమ్మ ముందు పెట్టాలని చెప్పాడు. ఆర్డరిచ్చినవారి నంబరు అడిగితే ఎవరిదిస్తాడు? తనదే ఇచ్చాడు.

ఆ రోజు రానే వచ్చింది. మేయరుగారు, ఇంకొందరు పెద్దలు తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, తలా ఒక బంగారు కత్తెరతో ఒకే రిబ్బనును ముక్కలు చేశారు. మేయరుగారు కళ గురించి మాట్లాడుతూ కొత్త రేవు గోడ దాకా వెళ్ళి, తిరిగి రావడం మరిచిపోయారు. ఆ తర్వాత బియ్యప్పిండి కేకులు పంచారు. బయట మెట్ల పక్కన వద్దన్న పూల స్టాండులు బారులు తీరి ఉన్నాయి. లోపలికి ఒక్కటీ పోకుండా చూడమని కాపలాదారుతో చెప్పారు.

జనం రెండో గదిలోకి వచ్చారు. ముందు నడుస్తున్నది చిత్రకారుల సంఘం అధ్యక్షుడు, మందుల కొట్టు ప్యో గారు. చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి బొమ్మ ముందూ నాడి చూసినట్టు ఆగుతున్నారు. ఆయన చాలా జాగ్రత్తపరుడు. పేర్లున్న రోజుల్లో ముందు పలక చదివి, ఆ తర్వాతే బొమ్మను మెచ్చుకునేవారు. ఇవాళ ఆ సౌకర్యం లేదు. రాజధాని చిత్రకారుడిదేమోనన్న భయంతో మూడు బొమ్మల్ని మెచ్చుకుని అలిసిపోయి, స్క్విడ్‌ల ముందుకు వచ్చేసరికి ఆయనలో ఓపిక చచ్చింది.

"ఇదెవరిదో గాని, రాజధానిది మాత్రం కాదు," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకుని నవ్వారు. ఒకరు పాత గుడ్డలన్నారు, ఇంకొకరు పగిలిన బెలూన్లన్నారు. స్తంభం పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ మన్‌సిక్ మీద అప్పుడే ప్యో గారి చూపు పడింది.

"ఏమయ్యా మన్‌సిక్, ఇది నీ వృత్తికి సంబంధించిన విషయం. దగ్గరికొచ్చి చూసి చెప్పు. ఇవి సాక్సులేనా?"

ఇంతలో భర్త కోటు చేతిమీద వేసుకుని వెనక నిలబడ్డ ఓక్సున్ ముందుకొచ్చింది. "స్క్విడ్‌లండీ అవి. ఒడ్డున ఎండబెట్టినవి. చూస్తే తెలియడం లేదూ?"

"అయితే కాళ్ళేవి చెల్లెమ్మా?"

అందరూ మన్‌సిక్ వంక చూశారు. ఆయన బొమ్మ దగ్గరికి నడిచాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"సాక్సులే," అన్నాడు. "ఉన్నివి. పిండకుండా ఆరేశారు."

గది గొల్లుమంది. ప్యో గారు ఆయన వీపు చరిచారు. మన్‌సిక్ మాటకు ఊరు అంతగా నవ్వడం జీవితంలో అదే మొదటిసారి. ఆ నవ్వు ఎంత బాగుందంటే, దేని గురించి నవ్వుతున్నారో ఒక్క క్షణం ఆయనే మరిచిపోయాడు. తర్వాత ఓక్సున్ వైపు తిరిగాడు. ఆమె ఆయన్ని చూడటం లేదు, బొమ్మను చూస్తోంది. కోటు మీద లేని నలుసు ఒకటి దులుపుతోంది.

సరిగ్గా అప్పుడే పూల స్టాండు గదిలోకి నడిచొచ్చింది. దాన్ని మోస్తున్న మనిషి పూల వెనక ఎక్కడో ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కాపలాదారు ఆపుదామనుకున్నాడు గాని రెండు చేతుల్లోనూ కేకులున్నాయి. స్టాండును కిందికి దించి ఆ మనిషి చెమట తుడుచుకున్నాడు.

"స్క్విడ్‌ల బొమ్మ ఏదండీ?"

అలాంటిది ఇక్కడ లేదని ప్యో గారు అందరి తరఫునా జవాబిచ్చారు. స్టాండు మనిషి వెనుదిరగలేదు. పూలు చోటు చేరినట్టు ఫొటో తీయకపోతే తన కూలీ రాదు. ఆర్డరిచ్చినవాళ్ళనే అడుగుతానని ఫోను తీసి నొక్కాడు.

మన్‌సిక్ జేబులో ఫోను పాత ట్రాట్ చిందుపాట అందుకుంది.

అందరూ అటు తిరిగారు. పాట మాత్రం హుషారుగా సాగుతోంది. ఆయన ఫోను తీశాడు. అవతలి మనిషి మూడడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి, చెవిలో వేలు దూర్చుకుని గట్టిగా అడుగుతున్నాడు. చిత్రకారుడు బోంగ్ మన్‌సిక్ గారి పూలు సార్, ఎక్కడ పెట్టమంటారు?

తప్పు నంబరు అనొచ్చు. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. అంటే పూలు బయటికి పోతాయి, నవ్వు మిగులుతుంది, ప్యో గారు సాయంత్రం మక్గొల్లి బియ్యపుకల్లు పోయించి ఉన్ని సాక్సుల మాట మళ్ళీ చెప్పించుకుంటారు. మన్‌సిక్ తన భార్య చేతిమీది కోటు వైపు చూశాడు.

"ఆ సాక్సుల ముందు పెట్టు బాబూ," అన్నాడు ఫోనులో. "నావే అవి. సాక్సులు కావు, స్క్విడ్‌లు."

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఫోను పెట్టేసి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "పంపిందీ మీరే, పుచ్చుకునేదీ మీరేనా?" అన్నాడతను తృప్తిగా. "మంచిది, ఒక్క సంతకంతో పోతుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో లేదో తెలియక అందరూ ప్యో గారి వంక చూశారు. రిబ్బను మీద పేరు చదివాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చదవడానికి పలక దొరికింది మరి. బొమ్మ దగ్గరకు వంగి, మొదట్నుంచీ తనకు అనుమానమేననీ, ఉన్ని సాక్సుల్లో ఈ సముద్రపు తడి ఉండదనీ, కాళ్ళు వేయకపోవడంలోనే ఉంది అసలు కళంతా అనీ అన్నారు. పాత గుడ్డలన్నాయనకు కూడా ఇప్పుడు కాళ్ళు లెక్కకు దొరుకుతున్నాయి.

డైరెక్టరు హా పరుగున వచ్చేసరికి చిత్రశాల మొత్తంలో ఒకే ఒక్క పేరు, మనిషికన్నా ఎత్తున, పట్టు రిబ్బను మీద మెరుస్తోంది. కేకు చల్లారే లోపల కొత్త దిశకు మొదటి మలుపు తగిలింది. తెరిచిన రోజునే అభినందన పూలు గెంటేశారని ఊరంటుందేమోనని ఆమెకు భయం. సాయంత్రం దాకా ఉంచింది. చూడవచ్చినవాళ్ళంతా మిగతా గదులు గబగబా దాటేసి, పేరున్న బొమ్మ ఎక్కడని అడిగి, అక్కడ నిలబడి ఫొటో దిగి వెళ్ళారు.

స్టాండు మనిషి తీసిన ఫొటో ఆర్డరిచ్చినవారికి అక్కడికక్కడే పంపాడు. మన్‌సిక్ జేబులో మళ్ళీ టింగుమంది. అందులో కుడివైపు మన్‌సిక్, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ఎడమవైపు ఓక్సున్, కోటుతో. పిలవకుండానే వచ్చి నిలబడింది. మధ్యలో మూడంతస్తుల పూలు. బొమ్మ మాత్రం లేదు. పూల వెనక పూర్తిగా మునిగిపోయింది.

ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి లాండ్రీలో గల్లా పైన తగిలించారు. బట్టలకొచ్చినవాళ్ళు చూసి, ఇంతకీ బొమ్మేదండీ అని అడుగుతుంటారు. మన్‌సిక్ ఇస్త్రీ మీదకు ఇంకొంచెం వంగుతాడు. జవాబు ఓక్సునే చెబుతుంది.

"పూల వెనక ఉంది. స్క్విడ్‌లు."