కార్తీకం దాటాక బోర్లించిన చెంబు

పాత ఇల్లు అమ్ముడుపోయినప్పుడు నేను తెచ్చుకున్నవి మూడే: తాతగారి వాలుకుర్చీ, ఇత్తడి చెంబు, వసారాలో వేలాడే ఆర్కిడ్ కుండీ. తమిళనాడు ధర్మపురిలో ఈ అద్దె ఇంటి మేడమెట్ల పక్కన కుండీని వేలాడదీశాను. అక్కడ ఏటా మాఘంలో ఊదారంగు పూలు విరగబూసిన మొక్క, ఇక్కడికి వచ్చి మూడేళ్ళయినా ఒక్క మొగ్గ వేయలేదు. పూలు రావలసిన కణుపుల్లో పిల్ల మొక్కలు మొలిచేవి. ఎవరితోనూ అనలేదు గానీ, అద్దె ఇంట్లో పూయనని అది తేల్చి చెప్పినట్టే నాకు తోచేది.

నీళ్ళకు నేను లోటు చేయలేదు. మా నాయనమ్మ ఎండాకాలమంతా అదియమాన్‌కోట్టై దారిలో బాటసారులకు మజ్జిగ పందిరి వేయించేది. మా గడపలో ఎవరూ దాహంతో ఉండకూడదన్నది ఇంటి మాట. జ్వరం వచ్చినా సరే, పొద్దున్నే ఆ చెంబుతో నీళ్ళు పోసేవాణ్ణి.

నాలుగో ఏడు కార్తీకంలో నల్లంపల్లి నర్సరీకి వెళ్ళాను. ఒకరిని సలహా అడగడం నాకు చేతకాదు. ఎరువు కొనే నెపం పెట్టుకుని, పెద్దింట్లో ఏటా పూసిన ఆర్కిడ్ ఇక్కడ పిల్లల్నే వేస్తోందని మాటల్లో అన్నాను. నర్సరీ ఆమెది కూడా ఇంట్లో తెలుగే.

"దినామూ నీళ్ళు పోస్తా ఉండారా సామీ?"

"రోజూ. చలికాలంలో కూడా."

"అదే తప్పు. కాడ పెరిగి ముగిసినాక దానికి నిద్ర కావాల. మీరు ఊరికే మేపతా ఉంటే అదెందుకు పూస్తుంది? అత్తగారింట్లో కూచున్న అల్లుడి మాదిరి పిల్లల్నే కంటుంది."

"ఒక ప్రాణిని దాహానికి ఎండబెట్టే వాడుక మా ఇంట్లో లేదమ్మా."

"అట్లయితే మీ పెద్దింట్లో ఎట్ల పూసె? మార్గళి నెల చలిలో ఎవరు నీళ్ళు పోసేది?"

అప్పుడు మా తోటమాలి గుర్తుకొచ్చాడు. కార్తీకం దాటగానే రాగి పంట కోతకని పెన్నాగరం పోయేవాడు. రెండు నెలలకు గానీ తిరిగి వచ్చేవాడు కాదు. అన్నాళ్ళూ వసారా కుండీల సంగతి మాలో ఎవరికీ తట్టేది కాదు. ఆ తరువాత చుట్టాలకు పూలు చూపించి మీసం దువ్వింది మాత్రం మేము.

ఎరువు పొట్లంతో బస్సెక్కాను. ఇంటికి వచ్చి చెంబు కడిగి బోర్లించాను. మా ఆవిడకు తోటమాలి సంగతితో సహా అంతా చెప్పాను.

ఆకులు పసుపెక్కి రాలాయి. కాడలు ముడతలు పడ్డాయి.

"ఏమండీ, చచ్చిపోయినట్టుంది కదా. ఒక గుక్కెడు పొయ్యండి."

"నిద్రపోతోంది. లేపకు."

అన్నానే గానీ, రెండుసార్లు నేనే చెంబు నింపుకుని మెట్ల దాకా వెళ్ళాను. ఆ నీళ్ళు తులసికి పోసి వచ్చాను.

మాఘంలో బోడికాడల కణుపుల మీద బుడిపెలు లేచాయి. పిల్ల మొక్కలో, మొగ్గలో తెలియక పది రోజులు పొద్దునా సాయంత్రమూ వెళ్ళి చూశాను. ఒక ఉదయం వాటి కొనల్లో ఊదారంగు కనిపించింది. ఆ రోజు చెంబు నిండా నీళ్ళు పోశాను.

"పెద్దింట్లో కంటే ఎక్కువే పూసినట్టుంది," అంది మా ఆవిడ.

"అక్కడా ఇన్నే పూసేవి," అన్నాను, వాలుకుర్చీని పూలకు ఎదురుగా జరుపుకుంటూ.

ఇప్పుడు ఏటా కార్తీకం వెళ్ళగానే నేను చెంబు బోర్లిస్తాను. అది చూసి మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది: "తోటమాలి రాగి కోతకు పోయినాడా?"

"పోయినాడు," అంటాను.